మలుపు కాడ ఆగని లారీ

ఆర్మూరు చుట్టుపక్కల సరుకు చేతబట్టి మోసపోని మనిషి ఒక్కడే ఉన్నాడని, ఆ ఒక్కడూ తానేనని గంగాదాస్‌కు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఎన్నడూ ఎవరి దగ్గరా దాచలేదు. పొద్దున నందిపేట్ నుంచి వచ్చిన షేర్ ఆటోలో ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాడు. ఇప్పుడు మామిడిపల్లి చౌరస్తాలో, అనుదీప్ కంప్యూటర్ దుకాణంలో, ప్లాస్టిక్ కుర్చీ మీద సర్దుకుని కూర్చుంటూ మళ్లీ చెప్పాడు. "పసుపు కొమ్ము నా చేతిల వడ్డదంటే అది ఏ చెలకల పుట్టిందో, ఏ కల్లంల ఎండిందో చెప్త బిడ్డా. యార్డుల నన్ను ముంచిన షావుకారు ఇంక పుట్టలే." అక్కడితో ఆగితే ఆయన గంగాదాస్ ఎందుకవుతాడు. ఒకసారి తాను విరిచిన కొమ్ము ఎంత గట్టిదంటే, టంగుమన్న ఆ మోతకు పక్కనున్న బడిలో పిల్లలు ఇంటి గంట అనుకుని సంచులు తగిలించుకుని బయటికొచ్చేశారని, సారు లబోదిబోమంటూ వచ్చి బతిమాలితే రెండో కొమ్ము విరిచి పిల్లలను మళ్లీ లోపలికి తోలింది కూడా తానేనని చెప్పాడు. అనుదీప్ కడుపుబ్బా నవ్వాడు. పక్క కుర్చీలో వెంకవ్వ నవ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ గంట ఆమె చాలాసార్లు విన్నది. ఆమె చూపు బల్ల మీదున్న పెద్ద తెర మీద ఉంది. తెర మీద బొమ్మేమీ లేదు, నల్లగా ఉంది, ఆ నలుపులోనే ఆమెకేదో రోడ్డు కనబడుతున్నట్టుంది.

ఆటో దిగేటప్పుడే వెంకవ్వ ఆయన చెవిలో చెప్పింది, ఆట సంగతి ఎత్తకు, భజనలకని చెప్పు అని. ఎందుకంటే అనుదీప్ వాళ్ల నాయిన హనుమాన్లు పసుపు యార్డులో తూకం కాంటా పట్టినవాడు, వాడి నోట్లో పడ్డ మాట పొద్దుగూకేలోగా బస్తా బస్తాకూ తెలుస్తుంది. నెత్తి పండిన ముసల్ది కంప్యూటర్ ఆట ఆడుతుందట అని నవ్వితే తట్టుకోలేనంది. సరేనన్నాడు గంగాదాస్. అందుకే అనుదీప్ నోటుపుస్తకం పక్కన పెట్టి, "దేనికి గావాలె బాపూ కంప్యూటరు?" అని అడిగినప్పుడు గొంతు సవరించుకుని భజనలకన్నాడు, యూట్యూబుకన్నాడు, నిజామాబాద్‌లో చదువుకునే మనవరాలు అక్షితతో వీడియోలో మాట్లాడటానికన్నాడు. అబద్ధాలు ఆయనకు కొత్త కాదు గానీ ఇంత చప్పటి అబద్ధం ఎన్నడూ ఆడలేదు, నాలుక మీద ఉప్పు లేని జొన్న గట్కలా అనిపించింది.

"గంతేనా! గట్లయితే మూడు రకం ప్రాసెసర్ మస్తయితది," అన్నాడు అనుదీప్. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు బుర్ర అని, దాంట్లో మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అని రకాలుంటాయని, రోజువారీ పనులకు మూడే ఎక్కువని, దండుగ ఖర్చు పెట్టించనని నిదానంగా చెప్పాడు. పిలగాడు మంచోడే, అనుకున్నాడు గంగాదాస్, వాళ్ల నాయిన కాంటా కూడా ఎన్నడూ తూలలేదు. కానీ మూడు అన్న మాట చెవిలో జోరీగలా తిరగసాగింది. మూడా? అవతలి పక్క కుర్చీలో ఎవరో కుర్రాడు పెట్టె కట్టించుకుంటున్నాడు, వాడి పెట్టె మీద ఏడు అని మెరుస్తోంది, మరి ఇంత బతుకు బతికి ఆర్మూరు బజారులో మూడో రకం సరుకు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాలా. గుండ్రటి దుంపల మండ రకం పసుపు కూడా ఆయన ఎన్నడూ ముందు వరసలో పోయలేదు, కొమ్ములు పైన, మండ వెనక. "మేం గంత మూడో రకం మనుషుల లెక్క కనవడ్తున్నమా? ఏడు తియ్యి."

"ఏడు ఉన్నది గానీ బాపూ, మీరనుకున్న పైసలల్ల వచ్చే ఏడు పాతది. ఏదో ఆఫీసు సామాను తీసేస్తే వచ్చింది. గిది వచ్చినంక ఎన్నో తరాలు మారినయ్."

"తెచ్చినంక సూద్దాం తే."

తెచ్చాడు. అగ్గిపెట్టెకంటె చిన్న బిళ్ల. ఇదా బుర్ర? పైన వెండి రేకు, అడుగున బంగారు చుక్కలు, మొక్కజొన్న కంకి మీద గింజల్లా వరసగా, ఎంత ముద్దుగా ఉందంటే గంగాదాస్ చేతులు వాటంతటవే పాత పనిలోకి దిగాయి. మొదట చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు, పెద్దగా మోగలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వాసన లేదు. వంగుతుందా చూద్దామని రెండు వేళ్ల మధ్య పట్టి, లోపలి రంగు తేలాలంటే రుద్దాలి గనక, అడుగున బంగారు చుక్కల మీద బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దాడు. "అయ్యో బాపూ, ఇరగ్గొట్టకు!" అని అనుదీప్ బల్ల మీదుగా ఎగిరినంత పని చేశాడు. అప్పటికే బంగారం మీద పచ్చటి వేలిముద్ర పడింది. ఎన్ని సబ్బులు మారినా పోని పచ్చ అది, ఈ నెలంతా కల్లంలోనే గడిచింది, వేళ్ల గీతల్లో పసుపు నిలిచిపోయింది. అనుదీప్ ఏదో మందులో ముంచిన గుడ్డతో చుక్క చుక్క తుడుస్తుంటే గంగాదాస్ చిన్నబోకుండా, "మంచిదే గదా, శుభమాని పసుపు వెట్టిన," అన్నాడు.

పసుపు వాసన. గుడ్డలోని మందు ఘాటు ఆ వాసనను కోసేసింది, కోసిన చోట ఇంకో వాసన తెరుచుకుంది, డీజిలుది. చౌరస్తాలో పెద్ద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ నాగపూర్ వైపు తిరుగుతోంది, దుకాణం అద్దాలు గజగజమన్నాయి. వెంకవ్వ తల తిప్పకుండానే, "రెండు నుంచి మూడుకు ఏసిండు, ఎనకాల లోడున్నది," అని తనలో తాను అనుకుంది. అనుదీప్ వినలేదు. గంగాదాస్ విన్నాడు. వెంకవ్వ మోకాళ్లు బాగున్న రోజుల్లో నిజామాబాద్ యార్డుకు పసుపు లారీ బయలుదేరితే లోపల సీట్లో డ్రైవరు, క్లీనరు, గంగాదాస్. పైన బస్తాల మీద వెంకవ్వ. ఆడమనిషికి లోపల చోటెక్కడిది, అందరూ అంతే అనుకునేవాళ్లు, ఆయనా అంతే అనుకున్నాడు. పైన గాలికి కొంగు చెవులకు చుట్టుకుని, తాడు ఒక చేత్తో పట్టుకుని, రోడ్డంతా ఆమె పైనుంచే చదివింది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ గుంత, ఏ మలుపు దగ్గర డ్రైవరు ముందే గేరు దించాడు, ఏ మలుపు దగ్గర మరిచి బ్రేకు తొక్కాడు. దిగాక చెప్పేది. వాడు గా వాగు మలుపు కాడ ఆలిశ్యం చేసిండు, ఇంకోసారి గట్ల చేస్తే బస్తాలు జారుతయ్. డ్రైవరు పకపకా నవ్వి, అయితే రేపటినుంచి నువ్వే నడుపు అవ్వా అన్నాడు. ఆమె నవ్వలేదు, నేర్పిస్తవా అంది. వాళ్లు ఇంకా నవ్వారు. గంగాదాస్ కూడా నవ్వాడు, అదీ గుర్తుంది.

మోకాళ్లు పోయాక ఆమె కల్లానికి కూడా రాలేకపోయింది. మంచం, తలుపు, వాకిలి. మాట తగ్గింది. అరుగు మీద కూర్చుని రోడ్డు మీద ఏ బండి పోయినా చక్రాల వంక చూసేది. మొన్న సెలవులకు వచ్చిన అక్షిత తన ఫోనులో లారీ ఆట పెట్టి, నాయినమ్మా, గిట్ల తిప్పు అని చేతిలో పెట్టింది, అంతే, ఆ మధ్యాహ్నం కూర కూడా మాడిపోయింది. మొదటి రోజు లారీని చెట్టుకు కొట్టింది. రెండో రోజు ఎడ్లబండి వెనక ఓపిగ్గా నడిపింది. వారం తిరిగేసరికి ఘాటు రోడ్డెక్కింది. కానీ ఆ ఫోనుకు శక్తి లేదు, సరిగ్గా మలుపు దగ్గరికి రాగానే తెర బిగుసుకుపోయేది, మళ్లీ కదిలేసరికి లారీ లోయలో ఉండేది. నేను సరిగ్గనే తిప్పిన, అది ఆగింది, అనేది వెంకవ్వ, ఎవరో నేరం మోపినట్టు. పొరపాటు తనదైతే భరించే మనిషే, తనది కాని పొరపాటుకు లారీ బోల్తా పడితే మాత్రం ఆ పూట అన్నం ముట్టేది కాదు. అప్పటినుంచే ఈ కంప్యూటర్ మాట. తనకు కావలసింది ఒకటేనంది, మలుపు కాడ ఆగొద్దు. ఏ కంప్యూటర్ అయితే ఆగదో అక్షితను అడిగి, వీడియోలు చూసి, అర్థం కానిచోట మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పించి విన్నది. వింటున్నది భజనలేనని గంగాదాస్ అనుకునేవాడు.

అనుదీప్ బిళ్లను తుడిచి సంచిలో పెట్టి, "అయితే గిదే కట్టమంటవా బాపూ?" అన్నాడు. ఆ, కట్టు, అనబోయాడు. అప్పుడు ఒళ్లో ఉన్న తువ్వాల కింద కదలిక. వెంకవ్వ చెయ్యి. వచ్చి ఆయన ఎడమ అరచేతిని మొత్తంగా పట్టుకుంది, అయిదు వేళ్లూ, గట్టిగా, ఒకసారి. అయిదు.

గంగాదాస్ చెయ్యి ఆ పట్టును గుర్తుపట్టింది. ఎన్నేళ్లయింది. ఇప్పుడంటే యార్డులో అంతా కంప్యూటర్ల మీద, అప్పుడు బేరమంటే తువ్వాల కిందే, కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటే వేళ్లే మాట్లాడేవి, ఎన్ని వేళ్లు పడితే అన్ని, అరచెయ్యి మొత్తం పడితే అయిదు, చెయ్యి లాగేసుకుంటే బేరం చెడ్డట్టు, చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. షావుకారు తువ్వాల గంగాదాస్ కుడిచేతి మీద ఉండేది. ఎడమచెయ్యి వీపు వెనక, వెంకవ్వ కొంగు కింద ఉండేది. ఇది ఎవరికీ తెలియదు. షావుకారు కుడిచేతిని నొక్కితే గంగాదాస్ ఎడమచేతితో అదే వెనక్కి నొక్కేవాడు, వెనకనుంచి వెంకవ్వ జవాబు నొక్కితే కుడిచేతితో అది ముందుకు పంపేవాడు, అంతే, ఇటునుంచి అటు అటునుంచి ఇటు, నడుమ తాను ఒట్టి కరెంటు తీగ. కొమ్ము విరిచింది తానే, మోగించింది తానే, మీసం మెలేసింది తానే, ధర మాత్రం వెనకనుంచి వచ్చింది. యార్డులో గంగాదాస్‌ను ముంచిన షావుకారు పుట్టలేదంటే, వెంకవ్వను ముంచేవాడు పుట్టలేదని. ఈ సంగతి ఎన్నడూ దాచిందీ లేదు, చెప్పిందీ లేదు, కథ రుచిగా ఉన్నచోట ఆగిపోయాడు, అంతే.

కానీ అయిదా? ఏడు ఉండగా అయిదా? నోటితో ఏడు అన్నాక, పక్క కుర్చీ కుర్రాడు విన్నాక? తిరిగి రెండు వేళ్లు కలిపి నొక్కాడు, అయిదూ రెండూ ఏడు. ఆమె మళ్లీ అయిదు నొక్కింది. ఈసారి గోరు తగిలింది. ఆయన మొండిగా మళ్లీ రెండు వేళ్లు. అప్పుడు వెంకవ్వ చెయ్యి లాగేసుకుంది. తువ్వాల చల్లబడింది. ఆమె కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి మెల్లగా, ఆ మోకాళ్లతో, లేవబోయింది. బేరం చెడింది. పోదాం పా అని కూడా అనలేదు. ఆ ముఖంలో కోపమైనా ఉంటే బాగుండేది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల చక్రాలు చూసే ముఖం అది, మళ్లీ అదే ముఖం, ఇక ఎప్పటికీ అదే ముఖం.

"అయిదు," అన్నాడు గంగాదాస్. గొంతు తాననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఏడు వద్దు. అయిదియ్యి, కొత్త తరంది."

అనుదీప్ తలెత్తాడు. "కొత్త అయిదా? అది పాత ఏడుకంటే మస్తు ఉరుకుతది, నిజమే. గని భజనలకు గదెందుకు బాపూ? దేనికో చెప్తె గదా, దానికి తగ్గట్టు కడ్త."

గంగాదాస్ వెంకవ్వ వంక చూశాడు. మాటిచ్చాడు, ఎత్తనని. ఏం చెప్పాలి, ఏ అబద్ధానికి అయిదు కావాలి? జీవితంలో మొదటిసారి ఆయనకు అబద్ధం తోచలేదు. సగం లేచిన వెంకవ్వ అలాగే నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, నల్ల తెర వంకే చూస్తూ అంది.

"లారీ నడుపుత."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి సందివ్వకుండానే మళ్లీ అంది, "లోడు లారీ. ఘాటు రోడ్డు మీద. మలుపు కాడ ఆగొద్దు."

అనుదీప్ చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టాడు. అతని ముఖం మారింది, హనుమాన్లు కాంటా ముల్లు వంక చూసేటప్పటి ముఖం వచ్చింది. "గేర్లదా అవ్వా, గేర్లు లేనిదా?"

"గేర్లు లేంది లారీ ఎట్లయితది?"

"గట్ల ముందే చెప్పొద్దా! కూసో అవ్వా, కూసో." ఇక వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. గంగాదాస్ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూస్తూ కూర్చున్నాడు, ఆటకైతే ప్రాసెసర్ ఒక్కటే చాలదని, బొమ్మలు గీసేందుకు వేరే కార్డు ఉంటుందని, డబ్బంతా బుర్ర మీదే పోస్తే బొమ్మ నత్తనడక నడుస్తుందని, తొమ్మిది రకం తెచ్చి చవక కార్డు పెట్టినా అంతేనని అనుదీప్ అంటుంటే, వెంకవ్వ తల ఊపుతూ, వేడెక్కితే దానంతటది మెల్లగయితదట గదా, మా దిక్కు ఎండకు తట్టుకునే ఫ్యాను ఎయ్యి అంటోంది, రేపు పెద్ద ఆటలొస్తే బోర్డు అదే ఉంచి బుర్ర మార్చుకునే తీరు ఉండాలె అంటోంది. రోజువారీ పనులన్నీ ఈ అయిదు నిద్రలో చేస్తుందన్నాడు అనుదీప్. "గంతే, కాడికి రెండెడ్లు సమానం ఉండాలె," అన్నాడు గంగాదాస్, తానూ ఒక మాట అనాలి గనక. "ఒకటి గుంజి ఒకటి చతికిలవడ్తే సాలు వంకరవోతది." బాగా చెప్పినవు బాపూ అన్నాడు అనుదీప్. గంగాదాస్‌కు పోయిన ప్రాణం కొంత తిరిగొచ్చింది.

పెట్టె మూత తీసి అనుదీప్ ఒక్కొక్కటే అమర్చసాగాడు. బయట పసుపు బస్తాల ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, దుమ్ములో ఎండ కూడా పచ్చగా ఉంది, వెనక గుట్ట రాళ్లు వేడికి నల్లగా మెరుస్తున్నాయి. కొత్త అయిదును చిన్న తలుపు తీసి, గూట్లో పడుకోబెట్టి, కొక్కెం వేశాడు. చప్పుడు లేదు. పైన ఫ్యాను బిగించి కరెంటిచ్చాడు, ఫ్యాను గిర్రున మొదలైంది. పని చేస్తున్నది ఏదంటే ఎవరైనా ఆ ఫ్యానునే చూపిస్తారు, అనుకున్నాడు గంగాదాస్. తిరిగేది అది, మోత చేసేది అది, మెరిసేది కూడా అదే, రంగురంగుల దీపాలతో. దాని కింద బిళ్ల కనబడనే కనబడదు. లెక్కలన్నీ దానివి. ఆయనకు లోపలినుంచి నవ్వు ఉబికి వచ్చింది, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఏందయ్యా?" అంది వెంకవ్వ.

"ఏంలే. గా ఫ్యాను నా లెక్కనే ఉన్నది. గందుకే నవ్వొచ్చింది." ఆమెకు అర్థమయిందో లేదో, పెదవి చివర కొద్దిగా కదిలింది. అప్పుడు అనుదీప్ వైపు తిరిగి గంగాదాస్ చక్కగా, పక్క కుర్చీ కుర్రాడికి కూడా వినబడేలా చెప్పేశాడు. "ఇగో బిడ్డా, ఇందాక యార్డుల నన్ను ముంచినోడు లేడన్న గదా. గా ధరలన్నీ ఈమెవే. ఎనకనుంచి నొక్కేది, నేను ముందటికి తోలేది. మీ నాయినకు చెప్పు కావాలంటే. మీసం ఒక్కటే నాది."

"మా నాయినకు ఎర్కనే బాపూ," అన్నాడు అనుదీప్, తీగ బిగిస్తూ. "యార్డంత ఎర్కనే. నువ్వు ధర చెప్పకముందు అందరు అవ్వ మొఖమే సూసేటోళ్లట." గంగాదాస్ మీసం మీదున్న చెయ్యి దించాడు. బస్తా బస్తాకూ తెలిసిన సంగతి తనకొక్కడికే రహస్యమన్నమాట! అంత మంచి కథ మీద ఆయనకు కోపం కూడా రాలేదు.

అనుదీప్ తన దగ్గరున్న ఆట ఎక్కించి, లోపలి గదినుంచి తాను ఆడుకునే స్టీరింగు తెచ్చి బల్లకు బిగించాడు, కింద పెడల్స్ పెట్టాడు. తెర వెలిగింది. రోడ్డు వచ్చింది. వెంకవ్వ రెండు చేతులతో స్టీరింగును తాకి కళ్లకద్దుకుంది, లారీవాళ్లు పొద్దున్నే అద్దుకున్నట్టు. మోకాలు నొప్పిగా మడిచి క్లచ్ మీద పాదం పెట్టింది. మొదట లారీ ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. ఇది నా తప్పే, అంది తృప్తిగా. మళ్లీ తీసింది. రెండు, మూడు, నాలుగు. చెట్లు వెనక్కి పోతున్నాయి, ఎదురుగా బస్సు వస్తే పక్కకిచ్చింది, ఎత్తు మొదలైంది, ముందు కొండ, కొండ అంచున మలుపు. ఫోనులో లారీలన్నీ ఆ అంచు మీదే పడిపోయాయి. వెంకవ్వ మలుపు రాకముందే గేరు దించింది, ఆ డ్రైవరు దించనిచోట, లోడు బరువును ఒళ్లంతా ఎరిగిన మనిషిలా కొద్దికొద్దిగా తిప్పింది, తెర ఆగలేదు, ఒక్క రెప్పపాటు కూడా ఆగలేదు, లోయ పక్కనుంచి జారిపోయింది, రోడ్డు తిన్నగా అయింది, దూరంగా నీళ్లు మెరిశాయి. పై బస్తాల మీదినుంచి చూసిన రోడ్డంతా ఇప్పుడు ఆమె రెండు చేతుల్లో ఉంది. ఆమె ముఖం వంక చూశాడు గంగాదాస్. పెళ్లిలో కూడా ఆ ముఖం చూడలేదు, అప్పుడు తల దించుకుని ఉంది. ఎంత పెద్దమనిషిని ఇన్నేళ్లు బస్తాల మీద కూర్చోబెట్టాను, అనుకున్నాడు, నిజంగా ఎంత పెద్దమనిషిని. అప్పుడు వెంకవ్వ చూపు రోడ్డు మీదినుంచి తిప్పకుండా, "రా, వచ్చి కూసో," అంది, "క్లీనర్ సీటు ఖాళీగున్నది."

ఈ కథ రేపటినుంచి షేర్ ఆటోలో నడుస్తుంది. వెంకవ్వ లారీ నడిపిందంటే ఎవరూ నమ్మరు, కానీ అది నిజం. ప్రాసెసర్‌కు పసుపు పూశాడంటే నమ్మరు, అదీ నిజం. కల్పించింది ఒక్కటే, ఆ క్లీనర్ సీటు పిలుపు: వెంకవ్వ రమ్మని పిలవలేదు. అసలు ఇటు చూడనే లేదు. స్టూలు తానే ఈడ్చుకుని, ఆమెకు ఎడమపక్కన, క్లీనరు కూర్చునేచోట తానే కూర్చున్నాడు. ఆమె నిజంగా అన్న మాట వేరే.

"జర ఎనకకు జరుగయ్యా, ఎడమ అద్దం కనవడ్తలేదు."

జరిగాడు.